స్వరూప వదినె ఉడుకు బీరువ

తార్నాక చౌరస్తాల బస్సు దిగి లాలాపేట దిక్కు నడుస్తుంటే ఎడమ చేతికి ఒక సన్న సందు ఉంటది. ఆ సందుల ఎవర్నీ అడ్రస్ అడిగే అవసరం లేదు. జర నిలబడి చెవి పెడితే సాలు. "ఏయ్, ఆ బొంగు అవతలికి జరపు! పోగు మీద పోగు పడ్డదంటే ముద్దయితది!" అని ఒక గొంతు వినబడ్తది. గదే మా స్వరూప వదినె. మనిషి కంటికి ఆనేటందుకు ఇంకా యాభై అడుగులు పోవాలె గని, గొంతు మాత్రం చౌరస్తా దాకా ఎదురొస్తది.

శివకుమార్ అన్న నాకు సొంత అన్న, రైల్వే వర్క్‌షాపుల ఫిట్టరు. వదినె ఆయన భార్య. వదినెది జనగామ దిక్కు పల్లె, ఇంటర్ దాక చదివింది. నేను యూనివర్సిటీల కెమికల్ ఇంజనీరింగ్, అడిక్‌మెట్‌ల దోస్తులతోని రూము. ఆదివారం వచ్చిందంటే వదినె చేతి తిండికి తార్నాక ఉరుకుతా. నన్ను నరేందర్ అని పిలిచేది తక్కువ. "రా ఇంజనీర్ సాబ్, ముందు గా బొంగులు మిద్దె మీదికి ఎక్కియ్యి, అన్నం తర్వాత" అంటది.

బొంగులు ఎందుకంటే, వదినె సేమ్యా చేస్తది. పెండ్లయి పట్నం వచ్చిన కొత్తల రంజాన్‌కు సేమ్యా కోసం దుకాన్ల ముంగట జనం ఎట్ల ఎగబడ్తరో చూసి, "ఇన్ని పోగులు ఎవరు చేస్తున్నరు, ఎక్కడ చేస్తున్నరు" అని ఆరా తీసి, ఆఖరికి ఒక పాత సేమ్యా మిషన్ కొనుక్కొచ్చి ఇంటి వెనక రేకుల షెడ్‌ల పెట్టింది. అన్న అప్పుడు నవ్విండు. ఇప్పుడు నవ్వడు, సెలవు రోజు మిషన్‌కు గ్రీజు పెడ్తడు.

పని ఇట్లుంటది. తడిపిన పిండి మిషన్‌ల ఏస్తే కింది జల్లెడలకెల్లి తెల్లటి పోగులు దిగుతయి. ఆ పోగుల్ని వెదురు బొంగుల మీద ఏలాడదీసి మిద్దె మీద ఎండకు పెడ్తరు. దూరంకెల్లి చూస్తే ఎవరో ముసలమ్మల తెల్ల జుట్టు అంతా దండెం మీద ఆరేసినట్టు ఉంటది. పని చేసేటోళ్లందరు క్యాంపస్ వెనక మాణికేశ్వర్ నగర్ బస్తీ ఆడోళ్లు. అందరికన్న ముందు వచ్చింది ఉప్పలమ్మక్క, పెద్ద మనిషి, పోగును వేళ్ల మధ్యల పట్టి తడి ఎంతున్నదో చెప్తది. ఆమె ఎనక లచ్చమ్మ వచ్చింది, వయసు చిన్నది, నోరు పెద్దది. వదినెతోని మాటకు మాట అనే ధైర్యం ఆ షెడ్‌ల లచ్చమ్మకొక్కదానికే ఉండె.

రంజాన్ ఏడాదికి ఒక్కసారే గద. మిగిలిన ఏడంతా వాళ్లందరికి పని నడిచేది హాస్టల్ మెస్ వల్ల. మెస్ మేనేజర్ రాజన్న వారం వారం సేమ్యా తీసుకుంటడు. పొద్దుగాల ఉప్మా, పండుగొస్తే పాయసం. కానీ వానకాలం వచ్చిందంటే అందరికి పరేషానే. ఎండ లేదు, పోగులు ఆరవు, రెండో రోజుకు పులుపు వాసన. పోయిన వానకాలం చాలా సార్లు సరుకు అందలే. అందుకే 96ల జూన్‌ల, కాలేజీలు తెరవంగనే, రాజన్న సక్కగ చెప్పిండు.

"చూడు స్వరూపమ్మా, నీ సరుకు మంచిదే. పిల్లలు గూడ తింటున్నరు. కానీ పిల్లలకు వానొచ్చిందని ఆకలి కాకుండ ఉంటదా? ఈసారి ఒక్క వారం తప్పినా బేగంబజార్ సేఠ్‌కు ఇచ్చేస్త. నన్ను మళ్ల అడగొద్దు."

"తప్పది" అన్నది వదినె.

"వాన పడితే?"

"పడనియ్యి రాజన్నా, వానకు నేనేమన్న భయపడ్తనా?"

హాస్టల్ గేటు దాటినంక, ఎంట ఉన్న నా దిక్కు తిరిగి మెల్లగ అడిగింది. "నరేందర్, మీ కాలేజీల ఎండ లేకుండ ఎండబెట్టేటిది ఏమన్న ఉంటదా?"

ఉంటది! మా సబ్జెక్టే అది! నేను అదే రోజు రాజలింగు సార్ దగ్గరికి ఉరికిన. సార్ మాకు డ్రైయింగ్ చెప్తడు, చాక్‌పీస్ కన్న స్పానర్ ఎక్కువ పట్టుకునే మనిషి. చెప్పంగనే స్కూటర్ తీసిండు. షెడ్ చూసిండు, పోగులు పట్టి చూసిండు, ఉప్పలమ్మక్కను పక్కకు కూసోబెట్టుకొని ఏ తడికి ఏం పేరు పెడ్తరో అడిగి తెలుసుకున్నడు. తర్వాత లాలాపేటల ఒక రేకుల పనాయనతోని పెద్ద పెట్టె చేపిచ్చినం. మనిషి నిలబడేటంత ఎత్తు, రెండు తలుపులు, లోపల బొంగులు పెట్టే కమ్మీలు, పైన గాలి తిప్పే ఫ్యాను. మేం దాన్ని డ్రైయర్ అన్నం. లచ్చమ్మ చూసి, "అబ్బ, పెండ్లికి పెట్టే బీరువ లెక్కనే ఉన్నది" అన్నది. అప్పటికెల్లి దాని పేరు ఉడుకు బీరువ.

సార్ మాత్రం ఖుషీ పడలే. "పెట్టె ఎవడన్న చేస్తడమ్మా. దీంట్లకు ఉడుకు ఎక్కడికెల్లి తెస్తవో అది చెప్పు. సగం డ్రైయర్లు పెట్టె బాగలేక చెడిపోవు, మంట సరిగ్గ ఎంచుకోక చెడిపోతయి" అన్నడు.

ముందుగాల కరెంటు పెట్టినం. హీటర్ కాయిల్లు. పొగ లేదు, బూడిద లేదు, స్విచ్చేస్తే ఉడుకు. వదినె మురిసిపోయింది. ఒక మధ్యాహ్నం బీరువ నిండ పచ్చి పోగులుండంగ కరెంటు పోయింది. తార్నాకల ఆ ఏడు కరెంటు ఎప్పుడు పోతదో ఎప్పుడొస్తదో దేవునికే ఎరుక. ఫ్యాను ఆగింది, లోపల తడి లోపల్నే నిలిచింది. మళ్ల వచ్చేటప్పటికి తలుపు తీస్తే దోశపిండి పొంగిన వాసన. ఆ సరుకంతా బర్రెలకు పోయింది. నడుమ జర ఎండ కాస్తే మిద్దె మీద ఆరేసి ఆ వారం మెస్‌కు ఎట్లనో ఎల్లదీసినం. ఫ్యానుకు చిన్న జనరేటర్ సాలు, అన్న దోస్తు దగ్గర పాతది దొరికింది. కానీ హీటర్లన్నిటిని జనరేటర్ మీద ఏడ నడుపుతం?

అటెన్క గ్యాస్. మంట మంచిగ నీలం రంగు, వేడి గబగబ ఎక్కింది. పోగులు చూస్తుండంగనే ఎండినయి. తెల్లగ, నిగనిగ. వదినెకు ఒక అలవాటున్నది, ఎండిన పోగును వంచి చెవి దగ్గర పెట్టుకొని విరుస్తది. పుటుక్కుమని ఒక్క చప్పుడు రావాలె, అది ఆమె పరీక్ష. గ్యాస్ సరుకు ఆ పరీక్ష పాసయింది. కానీ మెస్‌కు పంపిన మూడో నాడు వంటాయన సంచి పట్టుకొని మా ఇంటికే వచ్చిండు.

"ఏందమ్మా ఇది, సేమ్యానా, బొంబాయి రవ్వనా?"

సంచి తెరిస్తే అన్నీ ముక్కలే. రాజలింగు సార్ పోగు ఒకటి తీసి భూతద్దం కింద పెట్టి చూపెట్టిండు. వేడి ఎక్కువై పై పొర గబుక్కున గట్టి పడ్డది, లోపల తడి లోపల్నే ఉండిపోయింది. ఆ తడి రెండొద్దులకు బయటికొస్తూ పోగును పగలగొట్టింది. "దీనికి గబగబ ఉడుకు వద్దమ్మా. సన్నగ, ఒక్క తీరుగ ఉండాలె. తల్లి పిల్లకు నూనె రాసినట్టు" అన్నడు సార్. మంట తగ్గించి చూసినం, గాలికి ఆరిపోతుండె. ఇగ సిలిండర్ కోసం బుక్ చేసి ఎదురు చూసుడు వేరే కథ.

మూడోసారి కట్టెలు. బీరువ కింద పొయ్యి, పొగ మాత్రం ఇనుప గొట్టాలల్లకెల్లి పోయి చిమ్నీల బయటికి పోతది. గాలి ఆ గొట్టాలను తాకి ఉడుకయితది, పొగ పోగులను ముట్టనే ముట్టది. సార్ గీసిచ్చిండు, అన్న వెల్డింగ్ చేసిండు. మంచిగ పనిచేసింది! ఒక్కటే తక్లీఫ్, మంట ఒకసారి లేస్తది, ఒకసారి పడ్తది. ఎవరో ఒకరు పొయ్యి ముంగట కూసుండి కట్టె ఎగదొయ్యాలె, ఎనకకు గుంజాలె. అయినా పోగులు నిలిచినయి, మెస్‌కు సరుకు పోయింది.

కట్టెలు ఏడికెల్లి? వదినెకు ఆ సంగతిల కూడ తెలివి పనిచేసింది. క్యాంపస్ నిండ చెట్లు. గాలివానకు కొమ్మలు పడ్తనే ఉంటయి. వదినె సీదా తోటల ఆఫీసుకు పోయి, ఆ ఆఫీసరుతోని మాట్లాడి, పడ్డ కొమ్మలన్ని, నరికిన కొమ్మలన్ని తన షెడ్‌కు వచ్చేటట్టు పర్మిషన్ తెచ్చుకున్నది. యూనివర్సిటీ ట్రాక్టరే తెచ్చి సందుల పోసి పోతుండె. ఆ రోజు ఇంట్ల పండుగే. అన్న పక్కింటోళ్లను పిలిచి చూపెట్టిండు. "మా స్వరూప యూనివర్సిటీల చదవలే గని, యూనివర్సిటీనే ఇంటికి తెచ్చింది!" వదినె కొంగు దోపుకొని ఒకటే నవ్వుడు.

రెండు వారాలు మస్తు నడిచింది. బయట కుండపోత, లోపల ఉడుకు బీరువ గుర్రుమంటుంటే రాజన్న మెస్‌కు సరుకు టైముకు పోతున్నది. ఆ సంతోషంల వదినె ఒక సంగతి జర లేటుగ గమనించింది.

మధ్యాహ్నం అందరు కలిసి తినుడు ఆ షెడ్‌ల రివాజు. ఉప్పలమ్మక్క గుడ్డల చుట్టిన జొన్న రొట్టె తెస్తది, ఇప్పుడే పెనం మీదికెల్లి తీసినట్టు మెత్తగ ఉంటది. దాంట్ల సగం వదినెకు, వదినె కూరల సగం ఆమెకు. ఆ రోజు నేను గూడ ఆడ్నే ఉన్న. ఉప్పలమ్మక్క బ్యాగులకెల్లి బేకరీ బన్ను తీసి చాయ్‌ల ముంచుతున్నది. పక్కన లచ్చమ్మది బన్నే. అవతల కూసున్నామెది ఉస్మానియా బిస్కట్లు.

"ఏందే, మళ్ల బన్నేనా?" అన్నది వదినె. "మీ బస్తీల ఎవరన్న బేకరీ పెట్టిండ్రా? రోజు దావతే నడుస్తున్నది."

అందరు నవ్విన్రు. ఆ నవ్వు సక్కగ లేకుండె.

"ఉప్పలమ్మక్కా, నీ రొట్టె లేక నాకు ముద్ద దిగుతలేదు. ఏమైంది, జొన్నపిండి అయిపోయిందా?"

"పిండి ఉన్నది బిడ్డా."

"మరి?"

ఉప్పలమ్మక్క బన్ను దిక్కే చూస్తున్నది. లచ్చమ్మ ఉండలేకపోయింది. "పిండి ఉంటే ఏం ఫాయిదా అక్కా, రొట్టె నీళ్లల్ల కాలదు గద? కట్టెలన్ని గీ బీరువనే తింటున్నది."

"ఏ కట్టెలే?"

"క్యాంపస్ కట్టెలు. పొద్దుగాల పనికి వచ్చే ముంగట అందరం పోయి ఏరుకొచ్చుకుంటుంటిమి. మా అమ్మ ఏరింది, మా అవ్వ ఏరింది. ఇప్పుడు పోతే వాచ్‌మెన్ తోలుతున్నడు. ముట్టొద్దు, ఇవన్ని సేమ్యా మేడంవి అంటున్నడు."

"సేమ్యా మేడం ఎవరే?"

"ఇంకెవరు!"

 రేకుల మీద వాన చప్పుడు, ఫ్యాను చప్పుడు. వదినె గొంతు ఎప్పుడు అంత సన్నగ వినలే నేను.

"రెండు వారాలకెల్లి నా ముంగట్నే కూసుండి తింటున్నరు. ఒక్క మాట చెప్పొద్దా నాకు?"

ఉప్పలమ్మక్క అప్పుడు తలెత్తింది. "ఏం చెప్పాలె బిడ్డా? బీరువ మండకపోతే మాకు పని లేదాయె. మండితే ఇంట్ల పొయ్యి లేదాయె. రెండిట్ల పని ఉంటే మంచిదనుకున్నం. రేషన్ కిరోసిన్ లైన్ల నిలబడి ఎట్లనో ఎల్లదీస్తున్నం."

వదినె కంచం పక్కకు పెట్టింది. లేచి బీరువ దగ్గరికి పోయి, లోపల ఉన్న సరుకు చూసింది. "పెట్టిన పోగులు ఎండనియ్యిండ్రి, ఖరాబ్ చెయ్యొద్దు. ఇదే ఆఖరు" అన్నది. సందుల ట్రాక్టర్ పోసిపోయిన కుప్ప ఇంకా ఉండె. "అది మీది. ఇయ్యాల పోయేటప్పుడు మోపులు కట్టుకొని పోవాలె అందరు. నాకు ఒక్క పుల్ల మిగలొద్దు."

ఇంట్ల ఆ సాయంత్రం పెద్ద లొల్లి. మా అన్నది గూడ తప్పు మాట కాదు, నిజం చెప్పాలె.

"పర్మిషన్ దొరికేదే కష్టం స్వరూపా. వాపసిస్తే మళ్ల ఇయ్యరు. శనివారం సరుకు పోవాలె. దాని బదులు రోజు తలా ఒక మోపు మనమే ఇద్దాం, సరిపోతది."

"నేను ఇస్తే వాళ్లు నా దగ్గర తీసుకోవాలె" అన్నది వదినె. "ఇన్నేండ్లు ఎవ్వర్ని అడగకుండ ఏరుకున్నరు. రేపు లచ్చమ్మతోని నాకు మాటొస్తే? ఆ రోజు దాని ఇంట్ల పొయ్యి వెలగాల్నా వద్దా అని నేను చెప్పాల్నా? గట్లాంటి మేడంను నేను కాను."

 పొద్దుగాల అన్ననే సైకిల్ మీద ఆమెను క్యాంపస్ దాకా దించిండు, నేను ఆడ కలిసిన. తోటల ఆఫీసర్‌కు ఎంతసేపటికీ అర్థం కాలే. "పర్మిషన్ కోసం నా చుట్టు తిరిగేటోళ్లను చూసిన గని, వాపసిచ్చేటందుకు తిరిగేటోళ్లను చూడలేదమ్మా. కట్టెలు తడిసి వస్తున్నయా? కంప్లైంటా?" వదినె కథంతా చెప్పింది. ఆయన అంతా ఇన్నంక బెల్లు కొట్టి వాచ్‌మెన్‌ను పిలిపిచ్చి, ఎప్పటి లెక్కనే ఎవరు ఏరుకున్నా తోలొద్దని ఆమె ముంగట్నే చెప్పిండు. మంచి మనిషి.

బయటికి వచ్చినంక సంగతి ఏందంటే, బీరువ ఉన్నది, దాంట్లకు ఉడుకు లేదు. ముసురు పట్టి ఎండ మొఖం కనబడక రోజులాయె. శనివారం దగ్గర పడ్డది. తప్పితే సేఠ్, సేఠ్ వస్తే షెడ్‌కు తాళం. రాజలింగు సార్ గూడ వచ్చిండు, ముగ్గురం క్యాంపస్ గేటు బయట సామేలన్న టిఫిన్ బండి కాడ గొడుగుల కింద నిలబడ్డం. సార్ డీజిల్ బర్నర్ అంటున్నడు, నేను మళ్ల గ్యాస్ అంటున్న, ఈసారి చిన్న బర్నర్ అంటున్న. వదినె మా మాటే ఇంటలే. ఇడ్లీ గిన్నె దిక్కు చూస్తున్నది.

"సామేలన్నా, ఇంతసేపాయె వచ్చి. ఒక్కసారన్న నువ్వు పొయ్యి దిక్కు వంగలే?"

సామేలన్న చట్నీ పోస్తూ నవ్విండు. "వంగి ఏం చేస్తనమ్మా? పొట్టు పొయ్యి గద. తెల్లారంగ దంచి పెట్టిన. మధ్యాహ్నం దాక అది నన్ను అడగది, నేను దాన్ని అడగ."

పొట్టు పొయ్యి మాకు తెల్వందా? పట్నంల సగం హోటళ్లు దాని మీదనే నడుస్తయి. డబ్బా మధ్యల సీసా నిలబెట్టి, చుట్టు రంపపు పొట్టు గట్టిగ దంచి, సీసాను మెల్లగ పైకి తీస్తే మధ్యల బొర్ర మిగులుతది. కింద అగ్గి అంటిస్తే పొట్టు లోపలి దిక్కుకెల్లి మెల్లమెల్లగ కాలుతది. లేసుడు లేదు, పడుడు లేదు. రోజూ దాని ముంగట నిలబడి ఇడ్లీ తిన్నం గని, ఇడ్లీ ఉడికిచ్చే మంట సేమ్యాను ఎండబెడ్తదని మాకెవ్వరికి తట్టలే.

సార్ చేతుల ప్లేటు అట్లనే ఉండిపోయింది. "అమ్మా! ఒక్క తీరు ఉడుకు గదా ఇది!" అన్నడు. మళ్ల ఆయనే, "ఒక్క డబ్బా సాలది. డ్రమ్ములు పెడదాం. అన్నీ ఒకేసారి కాదు, ఒకటి సగం కాలంగ రెండోది అంటియ్యాలె. అప్పుడు బీరువకు ఉడుకు తెగది" అన్నడు. గొట్టాలు ఎట్లాగు ఉన్నయి, పొగ సంగతి అయిపోయినట్టే. నేను పొట్లం కాయితం మీద బొమ్మ గీస్తుంటే వానకు ఇంకు కారిపోతున్నది, అయినా గీస్తనే ఉన్న.

వదినె అట్నుంచి అటే కట్టె కోసే టింబర్ డిపోకు పోయింది. పోంగనే పొట్టు ఇస్తరా అని మాత్రం అడగలే. డిపో నడిపే భీమయ్యను అడిగిన మొదటి మాట ఇది. "అన్నా, ఈ పొట్టు ఇప్పుడు ఎవరు తీస్కపోతున్నరు?"

భీమయ్య పరేషాన్ అయిండు. "ఎందుకమ్మా?"

"ఎవరి పొయ్యిలకన్న పోతున్నదా అని."

"సామేలు తీస్కపోతడు, ఇంకో రెండు హోటళ్లోళ్లు. వాళ్లు పోంగ మిగిలిందే, అగో, గా గుట్ట. వానకు నాని కుళ్లుతున్నది. మున్సిపాలిటీ లారీ కోసం చూస్తున్న. నువ్వు తీసుకుంటే నాకు జాగ అన్న మిగుల్తది."

వదినె గుట్ట చుట్టు ఒకసారి తిరిగొచ్చి, అప్పుడు అడిగింది సంచులు.

మొదటి రోజు ఇజ్జత్ పోయింది. పచ్చి పొట్టు దంచి అంటిస్తే మంట రాలే, పొగ మాత్రం సందంతా నిండింది. ఎదురింటి పెద్దమ్మ దగ్గుకుంట కిటికీలకెల్లి అరిచింది. "స్వరూపా, దోమలను చంపుతున్నవా, మమ్ములనా?" మనుషులం ఒకరికొకరం కనబడలే. లచ్చమ్మ నల్లటి మొఖం తుడుచుకుంట, "సేమ్యా మేడం, బొగ్గు దుకాన్ పెడదాం తియ్యి" అన్నది. పోగులు పెట్టకముందే అంటిచ్చినం కాబట్టి బతికినం.

ఎండిన పొట్టు కావాలె. దాన్ని ఎండబెట్టాల్నంటే బీరువ నడవాలె. బీరువ నడవాల్నంటే ఎండిన పొట్టు కావాలె! నేనూ సార్ తల పట్టుకున్నం. ఉప్పలమ్మక్క అన్నది, "ఇండ్లల్ల నిప్పు లేకపోతే పక్కింట్లకెల్లి తెచ్చుకోమా? ఒక్క రోజుకు సామేలును అడుగు బిడ్డా." సామేలన్న తన బండి కింద తార్పాలిన్ కప్పి దాచుకున్న ఎండు పొట్టు సంచులు ఇచ్చిండు. "రేపటిది ఇస్తున్న, ఎల్లుండి వాపస్ తేకపోతే నా ఇడ్లీలు మీ బీరువల ఉడకబెడ్త" అన్నడు.

ఆ ఎండు పొట్టుతోని డ్రమ్ములు అంటిచ్చినం. భీమయ్య డిపో పచ్చి పొట్టు సంచులను బీరువ వెనక గోడకు ఆనిచ్చి పెట్టినం, ఆ గోడ ఎట్లాగు ఉడుకుంటది. తెల్లారి చేయి పెట్టి చూస్తే పొడిపొడిగ రాలుతున్నది. ఇయ్యాల్టి మంట రేపటి పొట్టును ఎండబెడ్తది. అప్పు పొట్టు సామేలన్నకు వాపస్ పోయింది, బీరువ మాత్రం ఆగలే. ఫ్యానుకు కరెంటు పోతే జనరేటర్, మంటకు ఎవ్వరి మీద ఆధారం లేదు. పొయ్యి ముంగట కూసునే పని గూడ తప్పింది. సార్ థర్మామీటర్ పెట్టి చూసి, మళ్ల చూసి, దాన్ని ఒకసారి దులిపి మళ్ల చూసిండు. ముల్లు జరగలే.

శుక్రవారం సాయంత్రం తలుపులు తీసినం. లోపలికెల్లి పొగ వాసన లేదు, పులుపు వాసన లేదు, ఉత్త గోధుమ వాసన. వదినె ఒక పోగు తీసి చెవి దగ్గర వంచింది. 

పుటుక్కు.

"ఇది గ్యాస్ సరుకుకు గూడ వచ్చింది" అన్నది వదినె, నవ్వకుండ. "శనివారం పంపుతం. రెండొద్దులు ఆగి నేనే మెస్‌కు పోయి సంచి తెరిచి చూస్త. అప్పుడు చెప్పుండ్రి నాకు."

మంగళవారం పోయినం. సంచి తెరిచింది. పోగులు పెట్టినవి పెట్టినట్టే, పొడుగ్గ, వంటాయన చేతిల ఏలాడుతున్నయి. రాజన్న ఉడకబెట్టని పోగు ఒకటి నోట్లె ఏసుకొని కరకర నమిలిండు. కిటికీ బయట వాన చూసిండు, సంచి చూసిండు.

"మీ తార్నాకల వాన పడ్తలేదా స్వరూపమ్మా?"

"పడ్తున్నది రాజన్నా. మాకే తీరిక లేదు దాని దిక్కు చూసేటందుకు."

ఆ వానకాలం ఒక్క వారం తప్పలే. మధ్యాహ్నం గుడ్డ మూటలు విప్పితే మళ్ల జొన్న రొట్టెలు. మొదటి రోజు ఉప్పలమ్మక్క సగం రొట్టె తుంచి ఇయ్యబోతే లచ్చమ్మ అడ్డం పడ్డది, "ఆగు, మేడం ముందు బన్ను తినాలె, రెండు వారాలది బాకీ ఉన్నది" అని. వదినె నిజంగనే బన్ను తెప్పిచ్చుకొని తిన్నది. తినుకుంట తిట్టింది.

రాజలింగు సార్ మా క్లాసును తీస్కొచ్చి బీరువ చూపెట్టిండు. నేను ఎనక వరుసల నిలబడ్డ. ముంగట వదినె చీర కొంగు నడుముకు చుట్టుకొని, డ్రమ్ములు ఏది ఎప్పుడు అంటియ్యాల్నో చెప్తున్నది. నా దోస్తులు రాసుకుంటున్నరు. గా రోజు నా ఛాతి ఎంత వెడల్పయిందో ఏ టేపుతోని కొలుస్తం!

ఆ మాట ఆ నోట ఈ నోట పడి దూరం పోయి, దసరా అయినంక జగిత్యాల దిక్కుకెల్లి భూపాల్ అని ఒకాయన వచ్చిండు. పసుపు ఎండబెట్టేటందుకు పెద్ద డ్రైయర్ పెడ్తడట, సలహా కావాల్నట. ఇస్త్రీ అంగీ, చేతిల బ్రీఫ్‌కేసు. కూసోకముందే మొదలు పెట్టిండు.

"కరెంటా, డీజిలా, కట్టెనా, ఏది మంచిదో చెప్పండి మేడం. మా దగ్గర గింజలు ఒలిచిన మక్క బెండ్లు గూడ మస్తు ఉంటయి, ఉత్తగనే దొరుకుతయి."

"మీ దగ్గర పసుపు పని చేసేటోళ్లు ఇంట్ల దేనితోని వండుకుంటరు?" అన్నది వదినె.

"ఏమో. అదెందుకు మేడం?"

"వాళ్ల ఇండ్లల్ల పొయ్యి దేనితోని మండుతదో తెల్వదా?"

"నేను డ్రైయర్ గురించి వచ్చిన."

"నేను గూడ దాని గురించే అడుగుతున్న. కనుక్కొని రాండ్రి, అప్పుడు మాట్లాడుదాం."

ఆయనకు కోపమొచ్చింది. ఇంత దూరం బస్సుల వచ్చిన మనిషి, రాదా మరి. చాయ్ గూడ తాగకుండ పోయిండు. అన్న, "మంచి బేరం పోగొట్టినవ్" అన్నడు. వదినె మిషన్‌ల పిండి ఏసుకుంట, "పోతే పోయిండు" అన్నది గని, ఆ వారమంతా సందుల చెప్పుల చప్పుడైతే తల బయటపెట్టి చూసుడు నేను చూసిన.

వచ్చిండు. ఈసారి బ్రీఫ్‌కేసు లేదు. గడప కాడ్నే నిలబడి చెప్పిండు.

"మేడం, మక్క బెండ్లు వద్దు. మా పనోళ్లందరు వాటి మీదనే వండుకుంటరట, నాకే తెల్వదు. పత్తి కట్టె మాత్రం మా దిక్కు ఎవ్వరికి అక్కరలేదు, చేన్లనే కుప్పలేసి అగ్గి పెడ్తరు. ఇంటింటికి తిరిగి అడిగిన."

వదినె చేతుల పిండి దులుపుకున్నది. ఆమె గొంతు మళ్ల చౌరస్తా దాకా వినబడ్డది.

"లచ్చమ్మా! కుర్సీ ఎయ్యే, అన్న నిలబడ్డడు. నరేందర్, పో, సామేలన్న దగ్గర చాయ్ చెప్పు. కూసోండ్రి అన్నా, ఇప్పుడు చెప్తా మంట సంగతి."